బ్లాగు వేదికల పోలిక: ఎడిటర్ బొత్తాల వెనక ఏముంది?

తెలుగులో బ్లాగు మొదలుపెట్టాలనుకునేవారు ముందుగా అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: బ్లాగర్‌లో పెట్టాలా, వర్డ్‌ప్రెస్‌లో పెట్టాలా? కొన్నేళ్లుగా ఆ ప్రశ్నలోకి మీడియం, సబ్‌స్టాక్, ఘోస్ట్ కూడా వచ్చి చేరాయి. జవాబులు మాత్రం ఏది ఉచితం, ఎందులో ప్రకటనలు పెట్టుకోవచ్చు, ఎందులో థీములు (బ్లాగు రూపాన్ని నిర్ణయించే అచ్చులు) ఎక్కువ అన్న మూడు విషయాల చుట్టూనే తిరుగుతుంటాయి. రాసే మనిషి తన సమయంలో ఎక్కువ భాగం గడిపేది ఎడిటర్‌లో కాబట్టి, ముందుగా పోల్చవలసింది దాన్నే. అక్కడ కూడా బోల్డు బొత్తం ఉందా, బొమ్మ పెట్టుకోవచ్చా అని పైపైన లెక్కపెడితే అన్ని వేదికలూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. మనం కొట్టిన వాక్యాన్ని ఏ వేదిక ఏ రూపంలో దాచుకుంటుందో చూసినప్పుడే తేడాలు బయటపడతాయి. పాత కూర్పును వెనక్కి తెచ్చుకోగలమా, థీము మార్చినా పాత టపాలు, అంటే బ్లాగు పోస్టులు, చెదరకుండా ఉంటాయా, వేదిక మూతపడితే మన రాత మన చేతికి వస్తుందా అన్నవన్నీ ఆ దాచుకునే తీరు మీదే ఆధారపడి ఉన్నాయి. తెలుగులో రాసేవారికి ఈ తేడాలు ఇంగ్లీషులో రాసేవారికంటే ఒకింత ఎక్కువగానే తగులుతాయి.

బ్లాగర్: తెర మీద ఉన్నదంతా దాచుకునే పద్ధతి

బ్లాగర్‌ను 1999 ఆగస్టులో పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ మొదలుపెట్టింది. 2003 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని కొనుక్కుంది. దాని ఎడిటర్‌కు రెండు ముఖాలున్నాయి. ఒకటి మామూలుగా టైపు చేసుకునే కంపోజ్ వ్యూ, రెండోది దాని వెనక ఉన్న హెచ్‌టీఎంఎల్‌ను, అంటే పేజీని ఎలా చూపించాలో బ్రౌజర్‌కు చెప్పే ట్యాగుల భాషను, నేరుగా చూపించే వ్యూ. కంపోజ్ వ్యూలో మనం చేసే ప్రతి పనీ అప్పటికప్పుడు హెచ్‌టీఎంఎల్ ట్యాగులుగా మారిపోతుంది, టపాగా భద్రమయ్యేది ఆ ట్యాగుల ముద్దే. ఈ పద్ధతిలో గొప్ప స్వేచ్ఛ ఉంది. హెచ్‌టీఎంఎల్ తెలిసినవారు పట్టిక గీసుకోవచ్చు, రంగుల పెట్టెలు పెట్టుకోవచ్చు, ఎడిటర్‌లో బొత్తం లేని పనులన్నీ చేతితో చేసుకోవచ్చు.

చిక్కంతా అతికించడంలో ఉంది. వర్డ్ ఫైలులో రాసుకున్న వ్యాసాన్ని కాపీ చేసి కంపోజ్ వ్యూలో అతికించి, ఆ తర్వాత హెచ్‌టీఎంఎల్ వ్యూకి మారి చూస్తే సంగతి తెలుస్తుంది: ప్రతి పేరాకూ, ఒక్కోసారి పేరాలోని ప్రతి ముక్కకూ, గౌతమి అనో నిర్మల అనో ఫాంటు పేరు, అక్షరాల కొలత, వరుసల మధ్య ఎడం, నేపథ్యపు రంగు అంటుకుని వస్తాయి. ఆ రోజుకు టపా చక్కగానే కనిపిస్తుంది. ఏడాది తర్వాత థీము మార్చి నల్లటి నేపథ్యం పెట్టుకుంటే, కొత్త టపాలన్నీ తెల్లటి అక్షరాల్లోకి మారిపోతాయి, వర్డ్ నుంచి తెచ్చి పెట్టినవి మాత్రం తెల్లటి అతుకుల మీద నల్లటి అక్షరాలుగా అలాగే ఉండిపోతాయి. థీము చెప్పే మాటకంటే పేరా తనలో మోసుకొచ్చిన మాటకే బ్రౌజర్ ఎక్కువ విలువ ఇస్తుంది కాబట్టి, థీము మార్చినంత మాత్రాన ఇది సర్దుకోదు. ఫార్మాటింగ్‌ను తుడిచేసే బొత్తం ఎడిటర్‌లోనే ఉంది కానీ, దాన్ని అతికించిన రోజే వాడాలి. 300 టపాలు పేరుకున్నాక వాడే ఓపిక ఎవరికీ ఉండదు.

తెలుగు బ్లాగులు ఊపందుకున్న తొలి రోజుల్లో చాలామంది లేఖిని అనే, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే వెబ్ పరికరంలో టైపు చేసి, ఆ పాఠాన్ని బ్లాగర్‌లో అతికించేవారు. లేఖిని పెట్టెలో ఉండేది ఉత్త పాఠం, దానికి ఫాంటూ రంగూ ఏమీ ఉండవు. అందువల్ల ఆనాటి టపాల హెచ్‌టీఎంఎల్, వాటి రచయితలు కావాలని చేయకపోయినా, తర్వాతి కాలంలో వర్డ్ నుంచి వచ్చిన టపాలకంటే శుభ్రంగా ఉంటుంది.

బ్లాగర్ ఎడిటర్‌లో నాకు కనిపించే అసలు లోపం మరొకటి. దానిలో పాత కూర్పుల చరిత్ర లేదు. ప్రచురించిన టపాను తెరిచి, పొరపాటున సగం చెరిపి, అప్‌డేట్ నొక్కితే ఆ సగం బ్లాగర్ నుంచి తిరిగి రాదు. పదేళ్ల రాతను ఒకే చోట పెట్టుకునేవారికి ఇది చిన్న లోపం కాదు. ఉచితం, సర్వర్ బాధ లేదు, సొంత డొమైన్ తగిలించుకోవడానికి రుసుము లేదు అన్న మూడు సుగుణాలనూ ఈ ఒక్క లోపం పక్కన పెట్టి తూచుకోవాలి.

వర్డ్‌ప్రెస్: పేరా నుంచి బ్లాకుకు

వర్డ్‌ప్రెస్ గురించి మాట్లాడే ముందు ఒక గందరగోళాన్ని తీర్చాలి, ఎందుకంటే ఆ పేరుతో రెండు వేర్వేరు వస్తువులున్నాయి. 2003 మే 27న మ్యాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ విడుదల చేసినది ఎవరైనా దించుకుని తమ సర్వర్‌లో పెట్టుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. బీ2 అనే అంతకుముందరి బ్లాగు సాఫ్ట్‌వేర్ నుంచి వారు దాన్ని చీల్చి తయారుచేశారు. 2005లో మొదలైన వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అన్నది అదే సాఫ్ట్‌వేర్‌ను ఆటోమాటిక్ అనే కంపెనీ తన సర్వర్ల మీద నడిపి మనకు ఇచ్చే సేవ. ఎడిటర్ రెండింటిలోనూ ఒకటే. ప్లగిన్లు (అదనపు సౌకర్యాలు తెచ్చే చిన్న ప్రోగ్రాములు), థీము కోడు వంటివి ఎంతవరకు మన చేతిలో ఉంటాయన్నది మాత్రం, రెండోదానిలో మనం కట్టే పథకాన్ని బట్టి ఉంటుంది.

2018 దాకా వర్డ్‌ప్రెస్ ఎడిటర్ కూడా బ్లాగర్ తరహాదే. ఆ ఏడాది డిసెంబరు 6న వచ్చిన 5.0 కూర్పుతో గూటెన్‌బర్గ్ అనే బ్లాకు ఎడిటర్ దాని స్థానంలోకి వచ్చింది. ఇందులో పేరా ఒక బ్లాకు, శీర్షిక ఒక బ్లాకు, బొమ్మ ఒక బ్లాకు, పట్టిక ఒక బ్లాకు. భద్రపరిచేటప్పుడు టపా మొత్తం ఇప్పటికీ హెచ్‌టీఎంఎల్‌గానే డేటాబేసులోకి వెళుతుంది. అయితే ప్రతి బ్లాకుకూ ముందూ వెనకా, బ్రౌజర్ తెర మీద చూపించని వ్యాఖ్యల రూపంలో, ఇది ఫలానా రకం బ్లాకు అన్న గుర్తు ఒకటి ఉంటుంది. ఎడిటర్ మళ్లీ తెరిచినప్పుడు ఆ గుర్తులను చదువుకుని బ్లాకులను తిరిగి కడుతుంది. ఈ ఏర్పాటు తెలివైనదని నా అభిప్రాయం. రేపు వర్డ్‌ప్రెస్ లేకుండా పోయినా, గుర్తులను వదిలేసి మిగిలినదాన్ని ఏ బ్రౌజరైనా మామూలు హెచ్‌టీఎంఎల్‌గా చూపించగలదు.

దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది. బ్లాకులోని హెచ్‌టీఎంఎల్‌ను చేత్తో మార్చి, ఆ మార్పు ఎడిటర్ అంచనాకు సరిపోలకపోతే, బ్లాకులో చెల్లని విషయం ఉందన్న హెచ్చరిక పెట్టి, మరమ్మతు చేయమంటారా అని అడుగుతుంది. పాత టపాలను తెరిస్తే మొత్తం పాఠమంతా ఒకే క్లాసిక్ బ్లాకుగా ప్రత్యక్షమవుతుంది, కావాలంటే దాన్ని ముక్కలు చేసుకోవాలి. నిలువుగా ఒక ప్రవాహంలో రాసుకుంటూ పోయే అలవాటున్నవారికి, రెండు మూడు పేరాలను కలిపి ఎంచుకుని జరపడం మొదట్లో చిరాకు పుట్టించింది. ఆ అసంతృప్తి ఎంతటిదంటే, పాత ఎడిటర్‌ను తిరిగి తెచ్చిపెట్టే క్లాసిక్ ఎడిటర్ ప్లగిన్ 50 లక్షలకు పైగా సైట్లలో చేరింది. 2021 చివరి దాకానే దానికి మద్దతు ఇస్తామని మొదట చెప్పినవారు ఆ తర్వాత గడువు పొడిగిస్తూ వచ్చారు. గూటెన్‌బర్గ్ నచ్చనివారు క్లాసిక్‌ప్రెస్ అనే ప్రత్యేక శాఖనే తెరిచారు.

అయినా ఎడిటింగ్ సౌకర్యాల విషయంలో ఇంత లోతున్న వేదిక మరొకటి లేదు. 2008లో వచ్చిన 2.6 కూర్పు నుంచే టపా ప్రతి సవరణకూ పాత కూర్పు ఉంటుంది, రెండు కూర్పులను పక్కపక్కన పెట్టి ఏ మాట పోయిందో ఏ మాట చేరిందో రంగుల్లో చూసుకోవచ్చు, కావలసిన కూర్పును ఒక్క నొక్కుతో వెనక్కి తెచ్చుకోవచ్చు. రాస్తుండగా మామూలుగా 60 సెకన్లకు ఒకసారి దానంతటదే భద్రమవుతుంది. 2023 ఆగస్టులో వచ్చిన 6.3 కూర్పుతో పాదసూచికలు కూడా ఎడిటర్‌లో భాగమయ్యాయి. సాహిత్య వ్యాసాలు రాసేవారికి ఈ చివరిది చాలా పెద్ద ఊరట; అంతకుముందు ప్లగిన్ పెట్టుకోవడమో, అంకెలకు లంకెలు చేతితో కట్టుకోవడమో తప్పేది కాదు.

పద్యం రాసేవారికి ఎదురయ్యే ఇబ్బంది దీనికి దగ్గరిదే. ఆటవెలది నాలుగు పాదాలను నాలుగు వరుసల్లో వేయాలని ప్రతి పాదం చివర ఎంటర్ నొక్కితే, నేటి ఎడిటర్లు దాదాపు అన్నీ దాన్ని నాలుగు వేర్వేరు పేరాలుగా తీసుకుంటాయి, పాదాల మధ్య పేరాల మధ్య ఉండేంత ఎడం వస్తుంది. షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ నొక్కితే ఒకే పేరాలో వరుస మారుతుంది. ఆ కిటుకు తెలియక పద్యాలు విడివిడి ముక్కలుగా పడి ఉన్న బ్లాగులు ఎన్నో. వర్డ్‌ప్రెస్‌లో పద్యాల కోసమే వర్స్ అనే బ్లాకు ఉంది, అందులో మనం ఇచ్చిన ఖాళీలూ వరుసలూ ఉన్నవి ఉన్నట్టే నిలుస్తాయి. సబ్‌స్టాక్‌లో కూడా కవిత్వానికి ఇలాంటి ప్రత్యేక బ్లాకు ఒకటి ఉంది. మిగతా చోట్ల షిఫ్టే దిక్కు.

మీడియం, సబ్‌స్టాక్, ఘోస్ట్

2012 ఆగస్టులో మీడియంను తెచ్చినవారిలో ఎవాన్ విలియమ్స్ ఒకరు. బ్లాగర్‌ను పుట్టించినవారిలోనూ ఆయన ఉన్నారు. రెండు ఎడిటర్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటిదానిలోని అతి స్వేచ్ఛకు విరుగుడుగా రెండోదాన్ని కట్టినట్టు అనిపిస్తుంది. మీడియంలో టపా హెచ్‌టీఎంఎల్ ముద్దగా ఉండదు. అది పేరాల వరుస. ప్రతి పేరాకూ ఒక రకం, ఒక ఉత్త పాఠం, ఆ పాఠంలో ఎన్నో అక్షరం నుంచి ఎన్నో అక్షరం దాకా బోల్డు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా లంకె అన్న గుర్తులు ఉంటాయి. ఆ నమూనాలో ఫాంటుకూ, రంగుకూ చోటే లేదు కాబట్టి వర్డ్ నుంచి ఎంత చెత్త అతికించినా లోపలికి రాలేదు. తెరను ఖాళీగా ఉంచి, మాటను ఎంచుకున్నప్పుడే చిన్న పట్టీ పైకి తేలే ఆ ఎడిటర్, రాయడానికి హాయైనదన్న పేరు తెచ్చుకుంది, అది న్యాయమే.

ఆ హాయి వెనక ఉన్నది నిరాకరణ. రెండు స్థాయిలకు మించి శీర్షికలు లేవు, పట్టికలు లేవు, పాదసూచికలు లేవు. పంటల ధరలనో ఎన్నికల ఫలితాలనో వరుసల్లో చూపించాలంటే బొమ్మగా తీసి పెట్టాలి. ఆ బొమ్మలోని తెలుగు అక్షరాలను ఎవరూ కాపీ చేసుకోలేరు. ఉల్లేఖనాలను అది వాలు అక్షరాల్లో చూపిస్తుంది, తెలుగు ఫాంట్లలో చాలావాటికి వాలు రూపం లేకపోవడంతో బ్రౌజర్ నిటారు అక్షరాన్నే బలవంతంగా ఒకవైపు వంచుతుంది. టపా పైన చూపించే చదువు సమయం కూడా నిమిషానికి సుమారు 265 మాటలు అన్న లెక్క మీద వేసింది. విభక్తులూ సంధులూ కలుపుకుని పొడవుగా సాగే తెలుగు మాటలను ఆ వేగంతో చదివే పాఠకుడు అరుదు.

2017లో మొదలైన సబ్‌స్టాక్‌ను బ్లాగు అనడం కంటే, ఈమెయిలు పంపిణీకి ఒక వెబ్ ముఖం తగిలించిన సేవ అనడం సరైనది. ఎడిటర్ మీడియంకు చుట్టమే, పాదసూచికలు అదనం. ఇక్కడ ప్రచురించు అన్న బొత్తం నొక్కగానే టపా చందాదారుల పెట్టెల్లోకి వెళ్లిపోతుంది. వెబ్‌లోని ప్రతిని తర్వాత ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు, ఈమెయిలుగా వెళ్లిన ప్రతిలోని అచ్చుతప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది.

ఇక్కడే తెలుగుకు ప్రత్యేకమైన ఒక లెక్క అడ్డొస్తుంది. జీమెయిల్ సుమారు 102 కిలోబైట్లకు మించిన ఉత్తరాన్ని మధ్యలో కత్తిరించి, మిగతాది చూడాలంటే లంకె నొక్కమంటుంది. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతే, తెలుగులో ప్రతి యూనికోడ్ గుర్తుకూ మూడు బైట్లు కావాలి, అక్షరం ఒక గుర్తు, దాని మీది గుణింతం మరో గుర్తు. తెలుగు అన్న మూడక్షరాల మాటకే ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు. మాటకు సగటున ఎనిమిది గుర్తులు అనుకుంటే, 2,500 మాటల వ్యాసం పాఠం వరకే 60 కిలోబైట్లు దాటుతుంది; ఈమెయిలు హెచ్‌టీఎంఎల్ హంగులు, బొమ్మల లంకెలు కలిస్తే గీత దగ్గరికి చేరుకున్నట్టే. అదే పొడవున్న ఇంగ్లీషు వ్యాసానికి ఈ బెంగ లేదు. టపా ఈమెయిలుకు పొడవైపోతోందని సబ్‌స్టాక్ ఎడిటర్ హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరిక తెలుగు రచయితకు చాలా ముందే కనిపిస్తుంది.

డబ్బు విషయం ఎడిటర్‌కు సంబంధించింది కాకపోయినా ఒక మాట చెప్పక తప్పదు. సబ్‌స్టాక్ చందా డబ్బులో పది శాతం తను తీసుకుంటుంది, చెల్లింపులు స్ట్రైప్ అనే చెల్లింపుల సంస్థ ద్వారా నడుస్తాయి. భారతదేశంలో స్ట్రైప్ 2024 నుంచి ఆహ్వానం ఉన్న వ్యాపారాలకే కొత్త ఖాతాలు ఇస్తోంది. డల్లాస్‌లో ఉన్న తెలుగు రచయిత సులువుగా చందాలు వసూలు చేసుకోగల చోట, గుంటూరులో ఉన్న రచయిత ఉచితంగా పంపడంతో సరిపెట్టుకోవలసి వస్తోంది.

ఘోస్ట్ 2013లో కిక్‌స్టార్టర్ అనే నిధుల సేకరణ సైటులో వచ్చిన చందాలతో మొదలైంది. వర్డ్‌ప్రెస్ రూపకల్పన బృందంలో పనిచేసిన జాన్ ఓనోలన్ దాని స్థాపకుల్లో ఒకరు. లాభాపేక్ష లేని సంస్థ దాన్ని నడుపుతోంది, కోడు స్వేచ్ఛగా దొరుకుతుంది. మొదట ఎడమవైపు మార్క్‌డౌన్ (ఉత్త పాఠంలోనే చిన్న గుర్తులతో ఫార్మాటింగ్ చెప్పే పద్ధతి), కుడివైపు దాని ఫలితం చూపించే రెండు పలకల ఎడిటర్ ఉండేది. ఇప్పుడున్నది కార్డుల ఎడిటర్, టపా జేసన్ అనే, ప్రోగ్రాములు సులువుగా చదువుకునే రూపంలో భద్రమవుతుంది. శుభ్రతలో మీడియంకు, సౌకర్యాల్లో వర్డ్‌ప్రెస్‌కు మధ్య చక్కటి చోటు దానిది. అయితే సొంత సర్వర్‌ను చూసుకోగల ఓపికో, నెలనెలా కట్టగల డబ్బో ఉండాలి, ఆ సంస్థ నడిపే సేవలో ఉచిత పథకం లేదు.

మార్క్‌డౌన్ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న మెలిక. జాన్ గ్రూబర్ 2004లో తెచ్చిన ఈ పద్ధతిలో మాటకు రెండువైపులా నక్షత్రాల గుర్తులు పెడితే బోల్డు అవుతుంది. ఇంగ్లీషులో మాట తర్వాత ఖాళీ వస్తుంది, తెలుగులో విభక్తి అంటుకుని వస్తుంది. వాన అన్న మాటను నక్షత్రాల మధ్య పెట్టి వెంటనే లో అని కలిపితే ఫర్వాలేదు. అదే మాటను కొటేషన్ గుర్తుల్లో ఉంచి, ఆ కోట్లను నక్షత్రాల లోపల పెట్టి, బయట లో తగిలిస్తే, ఇప్పుడు వాడుకలో ఉన్న కామన్‌మార్క్ నియమాల ప్రకారం మూసే నక్షత్రాలు మూసేవిగా చెల్లవు, నక్షత్రాలు నక్షత్రాలుగానే తెర మీద మిగిలిపోతాయి. నక్షత్రాలకు బదులు అడుగు గీత వాడితే కోట్లు లేకపోయినా ఇదే గతి. హ్యూగో వంటి పరికరాలతో సొంత సైటు కట్టుకునే తెలుగు ప్రోగ్రామర్లు కోట్లను నక్షత్రాల బయటికి జరిపి దీన్ని తప్పించుకోవచ్చు. నియమం రాసినవారి మనసులో మాటకు విభక్తి అంటుకోకుండా వెంటనే ఖాళీ వచ్చే భాషలే ఉన్నాయని దీన్ని చూస్తే తెలిసిపోతుంది.

టపా చిరునామాలో తెలుగు

శీర్షికను బట్టి టపా లంకె ఎలా తయారవుతుందన్నది ఎడిటర్ పక్కపట్టీలో ఒక మూల ఉండే సంగతి, తెలుగువారిని ఎక్కువగా ఏడిపించేది కూడా అదే. బ్లాగర్ శీర్షికలోని ఆంగ్లాక్షరాలనూ అంకెలనూ మాత్రమే లంకెలోకి తీసుకుంటుంది. పూర్తి తెలుగు శీర్షిక పెడితే ఏమీ మిగలదు కాబట్టి బ్లాగ్ పోస్ట్ అన్న రెండు ఇంగ్లీషు మాటలే లంకె అవుతాయి, తర్వాతి టపాకు వాటి పక్కన ఒక అంకె చేరుతుంది. వందల టపాలున్న తెలుగు బ్లాగుల్లో లంకెలన్నీ ఇలా అంకెల తేడాతో ఒకేలా ఉండటానికి కారణం ఇదే. ప్రచురించే ముందు కస్టమ్ పర్మాలింక్ అన్న చోట మన లంకెను మనమే ఇంగ్లీషు లిపిలో రాసుకోవచ్చు. ప్రచురించాక మార్చాలంటే టపాను చిత్తుప్రతిగా వెనక్కి తీసుకోవాలి, అలా మారిస్తే పాత లంకె పట్టుకుని వచ్చినవారికి పేజీ దొరకదు.

వర్డ్‌ప్రెస్ ఇందుకు భిన్నంగా తెలుగును తెలుగుగానే లంకెలో ఉంచుతుంది. కాని లోపల దాన్ని శాతం గుర్తుల భాషలోకి మార్చి దాచుకుంటుంది: ఒక్కో బైటుకు ఒక శాతం గుర్తు, రెండు అక్షరాలు, అంటే ఒక తెలుగు గుర్తుకు తొమ్మిది. లంకె భాగానికి డేటాబేసులో ఉన్న చోటు 200 అక్షరాలు. భాగించి చూస్తే 22 తెలుగు గుర్తులకు మించి పట్టవు. ‘తెలుగు బ్లాగుల్లో అక్షరదోషాలు’ అన్న శీర్షికను తీసుకుంటే, మొదటి మాటకు 6 గుర్తులు, రెండోదానికి 10, మూడోదానికి 11, మొత్తం 27. మాటల మధ్య గీతలను కూడా కలుపుకుని లెక్కవేస్తే సరిగ్గా ‘అక్షరద’ దగ్గర 200 నిండిపోతాయి. లంకెలో మిగిలేది ‘తెలుగు-బ్లాగుల్లో-అక్షరద’. అక్షరదోషాల గురించి రాసిన టపా చిరునామాలోనే అక్షరదోషం అన్నమాట. పైగా ఆ లంకెను బ్రౌజర్ నుంచి కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే చాలాసార్లు రెండు మూడు వరుసల శాతం గుర్తులుగా వెళుతుంది, అది చూసినవారు ఏదో మోసపు లంకె అనుకున్నా ఆశ్చర్యం లేదు. లంకెను చిన్నదిగా ఇంగ్లీషు లిపిలో మనమే ఇవ్వడం మేలు. ఆలస్యంగా మార్చినా నష్టం లేదు, వర్డ్‌ప్రెస్ పాత లంకెను గుర్తుపెట్టుకుని కొత్తదానికి మళ్లిస్తుంది. మీడియం లంకె చివర ఎప్పుడూ మారని ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, ముందు భాగంలో ఏమున్నా టపా తెరుచుకుంటుంది. ఈ ఒక్క విషయంలో అందరికంటే ముందుచూపు దానిదే.

లేబుళ్ల దగ్గర కూడా జాగ్రత్త అవసరం. వర్డ్‌ప్రెస్ అన్న మాటలో పొల్లు విడిగా నిలవడానికి కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు వాడతాం. ఒకసారి ఆ గుర్తుతో, మరోసారి గుర్తు లేకుండా కొడితే బ్లాగర్ వాటిని రెండు వేర్వేరు లేబుళ్లుగా తీసుకుంటుంది.

ఫాంట్ల సంగతికి వస్తే, తెలుగు వత్తులు వరుస కిందికి దిగుతాయి, గుడులూ తలకట్లూ పైకి లేస్తాయి. ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని బిగించిన థీముల్లో, ముఖ్యంగా శీర్షికల దగ్గర, పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. దీన్ని సరిచేయాలంటే సీఎస్‌ఎస్, అంటే పేజీ రూపాన్ని నిర్ణయించే కోడు, మార్చుకునే హక్కు కావాలి. బ్లాగర్ ఆ హక్కును ఉచితంగా ఇస్తుంది, మొత్తం థీము కోడునే తెరిచి పెడుతుంది. మండలి, రామరాజ, సురన్న వంటి ఫాంట్లను గూగుల్ ఫాంట్స్ నుంచి తెచ్చుకుని తగిలించుకోవచ్చు. ఘోస్ట్‌లోనూ, సొంత సర్వర్ మీది వర్డ్‌ప్రెస్‌లోనూ ఇదే వీలుంది. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో డబ్బు కట్టాలి. మీడియంలో ఆ మాటే లేదు, పాఠకుడి ఫోనులో ఏ తెలుగు ఫాంటు ఉంటే దానితోనే సరిపెట్టుకోవాలి.

రాతను వెనక్కి తీసుకోవడం

2025 సెప్టెంబరు 30న టైప్‌ప్యాడ్ మూతపడింది. 2003 నుంచి నడుస్తున్న, డబ్బు కట్టించుకునే సేవ అది. అంతకుముందు 2013 ఏప్రిల్ 30న పోస్టరస్ పోయింది, ట్విటర్ దాన్ని కొనుక్కుని ఏడాది దాటీ దాటకముందే. డబ్బు కడితే భద్రత ఉంటుందన్న నమ్మకానికి మొదటిది, పెద్ద కంపెనీ వెనక ఉంటే ఢోకా లేదన్న నమ్మకానికి రెండోది జవాబు.

ఈ ఐదు వేదికలూ మన టపాలను బయటికి తీసుకునే వీలు ఇస్తున్నాయి, ఏ రూపంలో ఇస్తున్నాయన్నదే ముఖ్యం. బ్లాగర్, వర్డ్‌ప్రెస్ ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఇస్తాయి. వర్డ్‌ప్రెస్ ఇచ్చే ఫైలులో టపాలతో పాటు వ్యాఖ్యలు, వర్గాలు, తేదీలు ఉంటాయి, దాన్ని చదవగల పరికరాలు కూడా ఎక్కువ. ఘోస్ట్ జేసన్ ఇస్తుంది. మీడియం ఒక్కో టపాను ఒక్కో హెచ్‌టీఎంఎల్ ఫైలుగా జిప్ చేసి ఇస్తుంది. సబ్‌స్టాక్ టపాలతో పాటు చందాదారుల జాబితాను కూడా మన చేతిలో పెడుతుంది, రచయిత దృష్టిలో ఆ జాబితా టపాలకంటే విలువైనదై ఉండవచ్చు. సాధారణంగా ఈ ఫైళ్లలో ఉండేది పాఠం, బొమ్మల బదులు వాటి లంకెలు మాత్రమే. ఎక్స్‌ఎంఎల్ ఫైలు దించుకుని నిశ్చింతగా ఉన్నవారికి, వేదిక సర్వర్లు ఆగిన రోజున బొమ్మలున్న చోటల్లా ఖాళీ పెట్టెలు మిగులుతాయి. అందువల్ల ఫొటోలు ఎక్కువగా పెట్టేవారు అసలు ప్రతులను తమ దగ్గర విడిగా, టపా తేదీ పేరుతో, దాచుకోవాలి.

నా తీర్పు అడిగితే, దీర్ఘకాలం తెలుగులో రాయదలచినవారికి సొంత డొమైన్ మీద వర్డ్‌ప్రెస్‌ను మించినది ఇప్పటికీ లేదనే చెబుతాను. పాత కూర్పులు, పాదసూచికలు, పద్యాల బ్లాకు, లంకె మళ్లింపు నాలుగూ ఒకే చోట దొరుకుతున్నది అక్కడే. ఏడాదికి పైసా పెట్టలేనివారు బ్లాగర్‌లో మొదలుపెట్టినా తప్పులేదు, ఉత్త పాఠంగా అతికించడం, ప్రచురించే ముందు లంకె రాసుకోవడం, అసలు ప్రతిని తమ కంప్యూటరులో ఉంచుకోవడం అన్న మూడు అలవాట్లుంటే. మీడియంలో రాయడం సుఖమే గాని, తెలుగు పాఠకులు అక్కడ వెతుక్కుంటూ వచ్చేది తక్కువ.

ఏది ఎంచుకున్నా, ఖాతా తెరిచిన రోజే ఒక పరీక్ష టపా పెట్టి చూడటం మంచిది. అందులో నాలుగు పాదాల పద్యం ఒకటి, కోట్లలో ఉన్న మాటకు విభక్తి తగిలిన వాక్యం ఒకటి, ఒక పాదసూచిక, ఒక ఫొటో, పొడవాటి తెలుగు శీర్షిక ఉండాలి. ప్రచురించి, ఫోనులో చూసి, లంకెను వాట్సాప్‌లో ఎవరికైనా పంపి, ఆపైన ఎక్స్‌పోర్ట్ నొక్కి, వచ్చిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవాలి. ఆ ఫైలులో పద్యం వరుసలు నిలిచాయా, తెలుగు అక్షరాలు అక్షరాలుగానే ఉన్నాయా, ఫొటో ఉన్నదా లేక దాని చిరునామా మాత్రమే ఉన్నదా అన్నది అరగంటలో తేలిపోతుంది, అప్పటికి పోగొట్టుకోవడానికి ఉన్నది ఆ ఒక్క టపానే.